తొమ్మిదో బోల్టు

మొన్న మా ఆవిడ మంచం మీద నా కారు గేరుబాక్సు పరిచింది.

ఆవిడ తప్పేం లేదు. పెడన వెళ్ళి కొత్త కలంకారీ దుప్పటి తెచ్చుకుంది. ఎర్రటి గుడ్డ మీద వరసగా నల్లటి గుండ్రాలు. ఒక్కో గుండ్రం అంచున చిన్న చిన్న సున్నాలు, ఎడమపక్కన చెవిలా పొడుచుకొచ్చిన ఒక వంపు. "చక్రం పువ్వంట. కొత్త డిజైను. షాపులో ఇక రెండే మిగిలాయి," అంది గొప్పగా. నేను కళ్ళజోడు పెట్టుకుని సున్నాలు లెక్కపెట్టాను. తొమ్మిది. వాటి మధ్య ఎడం ఒక్కచోట కూడా సమానంగా లేదు. దేవుడు చేసిన ఏ పువ్వూ ఇంత అడ్డదిడ్డంగా ఉండదు.

"ఇది పువ్వు కాదు. నా కారు ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఉండే పలక," అన్నాను.

"మీకు ఇడ్లీ పాత్రలో కూడా ఆ కారే కనపడుద్ది," అంది.

ఆ మాట చాలావరకు నిజమే గానీ ఈసారి తప్పు నాది కాదు. చెబుదామని నవ్వుతూ మొదలుపెట్టాను. మధ్యలో ఆపేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ పలక చేసిన మనిషి పోయి అప్పటికి ఆరు నెలలు.

ఆయన పేరు రాయను. రాస్తే "ఇప్పుడిది ఎవరడిగారండీ?" అనుండేవారు. రోజుకు పదిసార్లు ఆ మాట అనేవారు. బందరు నుంచి గిలకలదిండి హార్బరుకి వెళ్ళే దారిలో ఆయన షెడ్డు. పడవల ఇంజన్లు బాగుచేసేవారు. హార్బరు జనమంతా ఆయన్ని మావయ్య అనేవారు, నేను మేస్త్రీ గారూ అనేవాణ్ణి. చేపల వేటకెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళు ఇంజను ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కథలు మొదలుపెడితే, "ఎవరడిగారయ్యా? దాన్ని చెప్పనివ్వు," అని ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు తీసేవారు. దాని కొస ఇంజనుకు ఆనించి, పిడి తన చెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్ళు మూసుకునేవారు. నేను డాక్టరు చదువు చదివిన రోజుల్లో స్టెతస్కోపు పెట్టి అంత శ్రద్ధగా విన్న ప్రొఫెసరు నాకు ఒక్కడు కూడా గుర్తులేడు.

ఇంకో అలవాటుండేది. విప్పిన బోల్టులు డబ్బాలో వేసేవారు కాదు, చొక్కా జేబులో వేసుకునేవారు. జేబు బరువుకి చొక్కా ఒకవైపు వేలాడుతూ, మనిషే పక్కకు ఒరిగినట్టు కనిపించేవారు. ఎందుకండీ అంటే, "డబ్బా మర్చిపోవచ్చు, జేబు మర్చిపోనివ్వదు. ఖాళీ అయిందంటే పనైపోయినట్టు. అయ్యేదాకా ఇంటికెళ్ళకూడదు," అన్నారు. అదే ఆయన ఇంటి గొడవకి మూలం కూడా. భోజనానికి పిలిచినా, చుట్టాలొచ్చారన్నా, ఇంజను కిందనుంచి వచ్చే జవాబు ఒక్కటే. "వస్తన్నా, ఒక్క బోల్టు." ఆ ఒక్క బోల్టు ఎంతసేపు పట్టేదో బందరులో అందరికీ తెలుసు.

ఆయన భార్య ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ళు గంట ప్రకారం బతికిన మనిషికి దేవుడు ఇలాంటి జోడీని చూపించాడు.

నా సంగతి చెప్పాలంటే, గుడివాడలో నేను పళ్ళ డాక్టర్ని. ఒక పాత రైసుమిల్లు గోడౌనులో ఊక బస్తాల వెనక నాకో కారు దొరికింది. ఇంగ్లండులో తయారైంది, నాకంటే వయసులో పెద్దది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు జానెడెత్తు. గుడివాడ వాళ్ళు దానికి చెప్పు కారని పేరు పెట్టారు. ఇంజను బాగానే ఉంది. నాలుగు గేర్లలో రెండో గేరుకి రెండు పళ్ళు విరిగిపోయాయి. చూపించిన చోటల్లా "పాత ఇనుము కింద కాటా వేసి అమ్మేయండి" అన్నారు. ఇంగ్లండుకి మెయిళ్ళు రాసి రాసి, మూడు నెలలు ఎదురుచూసి ఒక గేరు తెప్పిస్తే అది వేరే మోడలుది. ఇప్పటికీ నా బల్ల మీద కాగితాల మీద బరువుగా ఉంది. చివరికి గిలకలదిండి నుంచి దవడ పన్ను పీకించుకోవటానికి వచ్చినాయన, గోడ మీద కారు ఫోటో చూసి, నోట్లో దూది ఉండగానే "గేళ్ళకి మా మావయ్య ఉన్నాడండీ" అన్నాడు.

లారీ మీద వేసుకుని తీసుకెళ్ళాను. ఆయన కారు చుట్టూ తిరగలేదు, అందాన్ని మెచ్చుకోలేదు. గేరుబాక్సు మూత తీసి లోపలికి టార్చి కొట్టి చూసి నావైపు తిరిగారు.

"పళ్ళ డాక్టరు గారయ్యుండి రెండు పళ్ళు కట్టించలేకపోయారా?"

నేను ఇంగ్లండు కథ ఎత్తుకున్నాను. ఎవరడిగారన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, "నోరంతా పుచ్చిపోయినోళ్ళు మీ దగ్గరకొస్తే ఏం చెప్తారు?" అన్నారు.

"సెట్టు మొత్తం మార్చేద్దామంటాం."

"దీనికీ అంతే. ఐదు గేర్ల సెట్టు పెడదాం," అన్నారు.

కూలి ఎంతన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి టీచరు గారు వింటున్నారేమోనని చూసి, గొంతు తగ్గించి అడిగారు. ఆయనకు కావలసింది ఒక్క రోజుకి ఆ కారు.

టీచరు గారిది దివిసీమ, నాగాయలంక దాటాక ఒక చిన్న ఊరు. ఏటా అక్కడి చర్చిలో కోతపండుగ చేస్తారు. కొత్త ధాన్యమో, గుమ్మడికాయో, కోడో, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడికి అర్పించి తర్వాత వేలం పాడతారు. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ప్రార్థన మొదలయ్యే గంట కొట్టకముందే కానుకని భార్యాభర్తలిద్దరూ కలిసి పట్టుకుని నడిచి వెళ్ళి ముందు పెట్టాలి. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక్క ఏడు కూడా ఈయన వేళకు అందుకోలేదు. ప్రతి ఏడూ టీచరు గారు ఒక్కరే బస్సులో వెళ్ళి, కానుక ఒకవైపు తాను, ఒకవైపు తమ్ముడు పట్టుకుని ఇచ్చి వచ్చేవారు. ఈయన భోజనాల వేళకు చేతులకి గ్రీజుతో దిగేవారు.

"ముందు గొడవపడేదండి. తర్వాత బతిమాలేది. రెండేళ్ళనుంచి అసలు అడగటం మానేసింది. అడిగినన్నాళ్ళూ బాగానే ఉండేదండీ," అన్నారు.

"ఈ ఏడు పొద్దున్నే బస్సెక్కొచ్చుగా?"

"బస్సు నాకోసం ఆగదు గదండీ. ఇది ఆగుద్ది. ఐదో గేరుంటే, కాస్త లేటుగా బయల్దేరినా అందిస్తది."

ఆలస్యం మానుకోవటం గురించి ఆయనకి ఆలోచనే రాలేదు. ఆలస్యాన్ని అందుకోవటానికి ఒక గేరు కావాలి, అంతే. నాకు భలే నచ్చారు. కోతపండుగకి రెండు నెలలుంది.

ఐదు గేర్లది ఎక్కడ దొరుకుతుందో ఆయనకు ముందే తెలుసు. బంటుమిల్లి దగ్గర ఒక రొయ్యల రైతు, పాత కారు ఇంజనూ గేరుబాక్సూ కలిపి చెరువులోకి నీళ్ళు తోడటానికి బిగించుకున్నాడు. మేస్త్రీ గారు గట్టు మీద కూర్చుని, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విని, "ఇది పుట్టాక నాలుగో గేరు తప్ప ఇంకోటి ఎరగదు. మిగతా పళ్ళన్నీ పాలపళ్ళే, అరగనే లేదు," అన్నారు. రైతు ససేమిరా ఇవ్వనన్నాడు. అంతలో వాళ్ళమ్మ మజ్జిగ తెచ్చింది. నవ్వినప్పుడు ఆవిడ నోట్లో ఒకే ఒక్క పన్ను కనిపించింది. మేస్త్రీ గారు ఆవిడ వైపు చూశారు, నా వైపు చూశారు. నాకు అర్థమైంది. ఆయన రైతుకి గేరుబాక్సు అక్కర్లేని పంపు బిగించి ఇచ్చేటట్టు, నేను ఆవిడకి పళ్ళ సెట్టు కట్టించేటట్టు ఒప్పందమైంది. తిరిగొస్తూ దారంతా "పళ్ళకి పళ్ళు" అనుకుని నవ్వుకున్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇంజను ఇంగ్లండుది, గేరుబాక్సు ఇంకో దేశానిది. రెంటి ముఖాలూ కలవవు. మధ్యలో నాలుగు వేళ్ళ మందాన ఒక గుండ్రటి పలక కావాలి. ఒకవైపు ఇంజనుకి సరిపోయే తొమ్మిది బోల్టులు, ఇంకోవైపు గేరుబాక్సువి, పక్కన స్టార్టరు మోటారు కూర్చునే చెవి. అలాంటిది ఏ షాపులోనూ ఉండదు, పోత పోయించాల్సిందే. పోతకి ముందు చెక్కతో నమూనా కావాలి. బందరు వడ్రంగులు తలుపులు చేస్తారు గానీ ఇంత సన్నటి పని చెయ్యరు.

"పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళున్నారుగా," అన్నారాయన. వెంట్రుకంత తీగని టేకు మీద చెక్కే వాళ్ళకి తొమ్మిది చిల్లులో లెక్కా?

ఇంజను వెనక ముఖానికి నల్లటి గ్రీజు పూసి, టీచరు గారి బడి నాటి చార్టు కాగితం ఒకటి దానికి నొక్కారు. బొమ్మ అచ్చంగా దిగింది. రెండో ముఖానికి గేరుబాక్సుది కూడా అలాగే తీశారు. ఆ కాగితాలు పెడనలో అచ్చులు చెక్కే ఆయన చేతిలో పెట్టి, "ఉన్నది ఉన్నట్టు దించు బాబూ," అన్నారు. మూడు వారాలకు నమూనా వచ్చింది. చూసి నేను చెయ్యెత్తి దండం పెట్టాను, అంత నున్నగా ఉంది. పాత పిస్టన్లు కరిగించి పోత పోయించారు, లేతు మీద సాపు చేయించారు.

ఇంజనుకు పట్టించబోతే పట్టలేదు.

మేస్త్రీ గారు దాన్ని అటు జరిపారు, ఇటు జరిపారు. తిప్పి పెడదామంటే ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. చెవి ఎడమపక్క ఉండాల్సింది కుడిపక్కకు వచ్చింది. మొత్తం పలక అద్దంలో చూసినట్టు ఉంది. ఆయన పలకని ఒళ్ళో పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. కోతపండుగకి ఇంకా ఇరవై రోజులే ఉంది.

మర్నాడు కబురందుకుని అచ్చులు చెక్కే ఆయన పెడన నుంచి వచ్చాడు. తప్పు జరిగిందంటే ముఖం చిన్నబోయింది.

"తప్పెక్కడ మావయ్యా? ఉన్నది ఉన్నట్టు దించమన్నారు, దించాను. అద్ది చూపించమంటారా?"

నా భుజం మీది తెల్ల తువ్వాలు తీసుకుని బల్ల మీద పరిచాడు. షెడ్డులో ఉన్న నమూనాకి గ్రీజు రాసి, అరచేత్తో వీపు మీద రెండు దెబ్బలు వేసి అద్దాడు. తువ్వాలు పక్కన చార్టు కాగితం పెట్టాడు. అచ్చుగుద్దినట్టు ఒకటే. చెవి ఎడమపక్కే ఉంది.

మేస్త్రీ గారు కాగితం చూశారు, తువ్వాలు చూశారు, ఒళ్ళో ఉన్న పలక చూశారు. తర్వాత నవ్వటం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. గుడ్డ మీద సరిగ్గా పడాలంటే చెక్క మీద తిరగేసి చెక్కాలి. తాత నాటి నుంచి ఆ చేతులకి అదే అలవాటు. వాళ్ళకి ఉన్నది ఉన్నట్టంటే, అద్దాక ఉన్నట్టని అర్థం.

"నీ తప్పేం లేదు బాబూ. గుడ్డకి ఒప్పు, ఇనుముకి తప్పు. చెప్పటం నాకు రాలేదు."

"అయితే ఇప్పుడు తిరగేసి చెక్కమంటారా? నా చెయ్యి పోదు మావయ్యా. తప్పు చెక్కినట్టే ఉంటది."

మేస్త్రీ గారు చార్టు కాగితం తీసి బోర్లించారు. గ్రీజు వెనక్కి ఊరి గీతలన్నీ కనిపిస్తున్నాయి. వాటి మీద పెన్సిలుతో దిద్ది, రెండో కాగితానికీ అలాగే చేసి అతని చేతిలో పెట్టారు. "ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు దించు."

అతని ముఖం వికసించింది. "అట్టా చెప్పండి. నా చేత తప్పు చెక్కించమాకండి," అన్నాడు. పాత నమూనా ఏం చెయ్యమంటారని అడిగితే, మేస్త్రీ గారు "మంచి టేకు, పారెయ్యకు. పూలు అద్దుకో," అన్నారు. తమాషాకన్నారని నేను అనుకున్నాను. అతను అనుకోలేదని మొన్న మా మంచం మీద తెలిసింది.

రెండో పలక పండుగకి మూడు రోజుల ముందు చేతికొచ్చింది. ఈసారి చక్కగా కూర్చుంది. గిలకలదిండి లేతులో పడవ షాఫ్టులు చేసేవాళ్ళు కారు షాఫ్టు కోసి అతికించారు. గేరు కర్ర మీద గుండు కూడా పెడన నుంచే వచ్చింది, టేకుది, దాని మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. చూసుకుంటే ఐదు మాత్రం తిరగబడి ఉంది. దాన్ని మార్చనివ్వలేదు నేను.

పండుగనాడు పొద్దున్నే గుడివాడ నుంచి వెళ్ళాను. టీచరు గారు జరీ అంచు తెల్లచీర కట్టుకుని, చేతిలో కాళ్ళు కట్టిన పుంజుతో షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. కారు కిందనుంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి.

"వస్తన్నా, ఒక్క బోల్టు."

ఆవిడ నా వైపు చూశారు. కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది చూడటానికి. పుంజుని చంకలోకి మార్చుకుని, ఫోను తీసి, మామూలు గొంతుతో అన్నారు. "తమ్ముడికి చెప్పి ఉంచుతానండీ డాక్టరు గారూ. గంట కొట్టేవేళకి వాడు గుమ్మం దగ్గర ఉంటే, పుంజుని ఇద్దరం పట్టుకెళ్తాం."

కారు కింద రెంచీ చప్పుడు ఆగింది. తర్వాత ఆయన వెల్లకిలా జారుతూ బయటికి వచ్చి, లేచి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నారు. ఉతికిన చొక్కా లోపల ఉంది, తొడుక్కోమని ఆవిడ అంటే, "టైము లేదు, పద," అన్నారు. ఆ మాట ఆయన నోట విన్నవాళ్ళం లోకంలో మేమిద్దరమే అయ్యుంటాం.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. కారుకి రెండే సీట్లు.

"మరి డాక్టరు గారో?" అన్నారు టీచరు గారు.

మేస్త్రీ గారు తన పాత మోపెడ్ తాళం నాకు అందించారు. నేను ప్రాణంలా చూసుకునే కారు తాళం ఆయనకిచ్చాను. నిజం చెప్పొద్దూ, ఒకసారి వెనక్కి తీసుకుని మరీ ఇచ్చాను. ఆవిడ ఒళ్ళో పుంజు, పుంజు మెడ మీద గాలి. నేను వెనక మోపెడ్ మీద నా శక్తికొద్దీ వెంబడించాను. ఊరు దాటి రోడ్డు తిన్నగా పడ్డాక ఆయన చెయ్యి పైకి లేచింది, ఐదు వేళ్ళూ విప్పి. ఐదో గేరు. ఆ వేళ్ళు చూస్తుండగానే చిన్నవైపోయాయి. చల్లపల్లిలో పెట్రోలు పోయించుకుని, మోపిదేవి దగ్గర గొలుసు ఊడితే ఎక్కించుకుని, అవనిగడ్డ మీదుగా నేను చేరేసరికి ప్రార్థన అయిపోయి వేలం జరుగుతోంది.

చర్చి ముందు నా కారు చుట్టూ ఊరంతా ఉంది. టీచరు గారి తమ్ముడు ఎదురొచ్చి, "గంటకి పది నిమిషాలు ముందే దిగారండీ మా బావ. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లోపలికి నడుస్తంటే పాస్టరు గారే లేచి నిలబడ్డారు," అన్నాడు. లోపల మొదటి వరసలో, నూనె మరకల చొక్కాతో ఆయన, తెల్లచీరతో ఆవిడ. ఆవిడ తల కొంచెం ఆయన వైపు వంగి ఉంది. పుంజు పాటకు వచ్చినప్పుడు నేనే పాడుకున్నాను. దానితో పాటు మోపెడ్ మీద తిరుగు ప్రయాణం చేసింది కూడా నేనే.

ఎలా ఉందండీ ఐదో గేరు అని అడిగితే, "చప్పుడే లేదండి. ఇంజను ఆగిపోయిందేమోనని భయమేసింది," అన్నారు.

ఆ తర్వాత ఆయన ఫోను చేసినప్పుడల్లా "బండి ఒకసారి తీసుకురండి, చిన్న పనుంది," అనేవారు. బ్రహ్మాండంగా నడుస్తున్న బండికి పనేమిటని నేను వెళ్ళలేదు. ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి కాసేపు నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. సమాధి దగ్గర హార్బరు మొత్తం ఉంది. అంతమంది మగవాళ్ళు సిగ్గులేకుండా ఏడవటం నేను అదే మొదటిసారి చూడటం.

రెండు నెలల క్రితం గుడివాడలో ఆయిలు మార్పించటానికి కారు ఎత్తిస్తే, మెకానిక్కు కిందనుంచి పిలిచాడు. "పైన ఒక బోల్టు లేదండి. ఊడిపోయింది కాదు, చిల్లులో మర ఇంకా కొత్తగా ఉంది. అసలు పెట్టనే లేదు." నేను నమ్మలేదు. నమ్మాక కోపం కూడా వచ్చింది. జేబు ఖాళీ కాకుండా ఇంటికెళ్ళని మనిషి నా కారుకే ఇలా చేస్తారా? ఆ సైజు పాత ఇంగ్లీషు బోల్టు కోసం విజయవాడ దాకా వెతికించాను. దొరకలేదు.

నిన్న ఆ దుప్పటి ఒకటి కొని బందరు తీసుకెళ్ళాను. టీచరు గారు కథంతా విని, ఆ అచ్చుల ఆయన్ని తలుచుకుని కళ్ళనీళ్ళొచ్చేటట్టు నవ్వారు. దుప్పటి ఒళ్ళో పరుచుకుని వేలితో సున్నాలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"తొమ్మిది. ఆ రోజు పెట్టకుండా వదిలేసింది ఇందులో ఏదండీ?"

బోల్టు లేదన్న సంగతి నేనింకా ఆవిడకి చెప్పనే లేదు. పైన ఉన్నది చూపించాను. కారు లోపలి రేకు గోడకీ ఇంజనుకీ మధ్య ఉంటుందది, చెయ్యి పట్టదు. బిగించాలంటే గంట పైనే పడుతుంది.

ఆవిడ లేచి వెళ్ళి ఒక సుద్దముక్కల డబ్బా తెచ్చారు. లోపల సుద్దపొడి అంటుకుని ఒక బోల్టు.

"ఆ సాయంత్రం చొక్కా ఉతకబోతే జేబులో తగిలింది. జేబులో పని ఉండగా ఆయన ఇంటికి రావటం అదే మొదలు, అదే ఆఖరు. ఇదేమిటండీ అంటే, 'ఒక్క బోల్టు' అన్నారు. తర్వాత రెండు మూడుసార్లు ఇమ్మని అడిగారు, డాక్టరు గారి బండికి పెట్టాలని. నేనివ్వలేదు."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. సిగ్గేసింది. అయినా అలవాటు కొద్దీ చెయ్యి చాచాను, రెండు నెలలుగా వెతుకుతున్న వస్తువు గదా. ఆవిడ బోల్టుని నా అరచేతిలో పెట్టలేదు.

"బండి బాగానే నడుస్తందా డాక్టరు గారూ?"

"నడుస్తోందండీ."

"మిగతా ఎనిమిదీ గట్టిగానే ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"అయితే ఇది నాది," అని డబ్బా మూత పెట్టేశారు.